కంట్రోల్ ప్లేటు

కల్చర్ గది బయట, కుంటి స్టూలు మీద నుంచి

పొట్టీ,

ఉద్యోగం వచ్చిందని నువ్వు ఫోన్ చేస్తే నేను "అలాగా" అని ఊరుకున్నానట, నువ్వు అలిగావట. మీ బావ చెప్పారు. అసలు ఫోన్లో మనిద్దరం ఎప్పుడు సరిగ్గా మాట్లాడుకున్నాం గనక? ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఒకరి మాట ఒకరికి వినబడదు, ఇద్దరం ఒకేసారి పెట్టేస్తాం. అందుకే ఉత్తరం. కాయితం మీదైతే నేను మాట్లాడుతుంటే నువ్వు అడ్డం రాలేవు.

సంతోషమేనే తల్లీ. కాకపోతే పరీక్షల ల్యాబా అనిపించింది, దాచుకోవడం ఎందుకు? పదిమంది ల్యాబుల నుంచి వచ్చే శాంపిళ్ళలో క్రిములున్నాయో లేవో చూసి చెప్పే పని. నేనేమో పొద్దస్తమానం ఈ కల్చర్ గదిలో కణాల్ని పెంచుతాను, నువ్వేమో ఏమీ పెరక్కూడదని ప్లేట్ల ముందు కూర్చుంటావు. ఒక్క కడుపునే పుట్టాం మరి! నువ్వు పరిశోధనలోకి వస్తావనుకున్నాను. సరే, ఏటేటా కాంట్రాక్టు కోసం ఎదురుచూసే నా బతుకు చూసి భయపడ్డావేమో. తప్పు పట్టలేను.

అక్కగా రెండు ముక్కలు చెబుతాను, విను. గ్లౌజులు వేసుకున్నాక ముక్కు గోక్కోకు, నీకు చిన్నప్పటి నుంచీ ఆ జబ్బుంది. ఎంత తొందరున్నా రెండు రకాల కణాలకి ఒకే సీసాలో మీడియం వాడకు. మూత మీద సీలు చుట్టాక చివర చిన్న చెవిలా మడత పెట్టు. నేను నేర్పానుగా, తీసేవాళ్ళు గోళ్ళు విరగ్గొట్టుకోకుండా ఉంటారు.

ఇక్కడ మా ల్యాబు పెద్దాయన మాటిచ్చారు. మేం పెంచుతున్న కణాల్ని ఒక మందుల కంపెనీ తీసుకుంటే నా ఉద్యోగం పర్మనెంటు. తీసుకోకపోతే కాంట్రాక్టు అయిపోగానే సర్దుకోవడమే. ఇది నాకు మూడో ల్యాబు పొట్టీ. జుట్టు నెరుస్తుంటే మళ్ళీ ఇంటర్వ్యూలకి వెళ్ళి "మీ బలహీనతలేంటి" అంటే ఏం చెప్పను, మోకాళ్ళు అనా?

కణాలు ఈమధ్య కాస్త మందకొడిగా పెరుగుతున్నాయి. మైక్రోస్కోపులో శుభ్రంగానే ఉన్నాయి, వాటికి తిండిగా పోసే మీడియం గులాబీ రంగులో తేటగానే ఉంది. అయినా మనసేదో పీకుతోంది. నాకు ఊరికే భయపడే అలవాటుందిలే.

అక్క


హాస్టల్ గది, కిటికీ పక్క మంచం

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, అలక కూడా తీరింది. ముక్కు సంగతి గోడకి రాసి అంటించుకున్నాను.

మా మేడమ్ గురించి చెప్పాలి. అందరూ చాటుగా భూతద్దం మేడమ్ అంటారు. అద్దం లేకుండానే అన్నీ కనిపిస్తాయి ఆవిడకి. మొదటిరోజే "చేతులు వణుకుతున్నాయేం?" అన్నారు. "లేదండీ" అన్నాను. "పైపెట్ అవునంటోంది" అన్నారు. అప్పట్నుంచీ వణుకు రెండింతలైంది. ఆరునెలలు ప్రొబేషన్. ఒక్క తప్పు చేసినా ఇంటికే అనిపిస్తుంది పొద్దున లేవగానే.

పని మాత్రం నువ్వనుకున్నంత చప్పగా లేదే. మేం ముఖ్యంగా వెతికేది మైకోప్లాస్మాని. నీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, అయినా చెబుతాను, నాకు చెప్పాలనుంది. మామూలు క్రిమి పడితే మీడియం మసకబారుతుంది, వాసనొస్తుంది, ఎవరికైనా తెలుస్తుంది. ఇది అలా కాదు. కణాల మధ్య దూరి కూర్చుని వాటి తిండి తింటూ ఉంటుంది, మైక్రోస్కోపులో కూడా కనబడదు. కణాలు కాస్త మందగిస్తాయి, అంతే.

ఇంకో తమాషా విను. ప్రతి శాంపిల్లో కొంచెం విడిగా తీసి, అందులో మేమే కావాలని బతికున్న క్రిముల్ని వేసి ప్లేటు మీద పెంచుతాం. దాన్ని కంట్రోల్ అంటాం. అందులో క్రిములు పెరిగి తీరాలి. మైక్రోస్కోపులో చూస్తే పెనం మీద పగలగొట్టిన గుడ్డులా మధ్యలో బొట్టు, చుట్టూ అంచు. అవి పెరక్కపోతే శాంపిల్లో క్రిముల్ని చంపే మందేదో కలిసిందన్నమాట. అంటే అసలు ప్లేటు ఎంత శుభ్రంగా ఉన్నా నమ్మకూడదు. "మనం పంపిన దొంగనే పట్టుకోలేని కాపలావాడు, దొంగలు లేరంటే నమ్ముతామా?" అంటారు మేడమ్.

నీ కణాలు మందకొడిగా ఉన్నాయన్నావు. పరీక్షకి పంపావా? యాంటీబయాటిక్ మానేసి కొన్నాళ్ళు పెంచాకే పంపాలని నువ్వే నాకు చెప్పావు. చిన్న అనుమానమైనా తీర్చేసుకో అక్కా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు.

చెల్లి


ఈ ఉత్తరం పెట్టె అడుగున, అట్టకీ థర్మోకోలుకీ మధ్య

పొట్టీ,

కంగారుపడకు. ఎవరూ చూడకుండా చదివి చింపెయ్.

కంపెనీవాళ్ళు మైకోప్లాస్మా లేదని సర్టిఫికెట్ అడిగారు. పెద్దాయన మీ ల్యాబుకే పంపమన్నారు, నా చెల్లి అక్కడుందని ఆయనకి తెలియదు. శాంపిల్ మీద పేరుండదు, నంబరే ఉంటుంది. పెట్టెలు తెరిచేది కొత్తవాళ్ళేగా, నీ చేతికే వస్తుందన్న ధైర్యంతో ఇది ఇందులో పెట్టాను. ఫలితం ఎలా ఉందో పై వాళ్ళకంటే ముందు నాకొక్క మాట చెప్పు. అంతకన్నా ఏమీ అడగను. నిద్ర పట్టడం లేదే. మీ బావ పక్కన హాయిగా గురకపెడుతుంటే, ఆయన్నే లేపి దెబ్బలాడాలనిపిస్తోంది.

మొన్న నువ్వడిగిన సంగతులన్నీ సరిగ్గానే చేశాను.

అక్క


హాస్టల్ గది, తలుపు గడియ పెట్టి

అక్కా,

ఏం పని చేశావే!

పెట్టె నా చేతికే వచ్చింది. మూత తియ్యగానే సీలు చివర చెవి మడత. ఆ మడత ఇక్కడ నేను తప్ప ఇంకెవరూ పెట్టరు. థర్మోకోలు ఎత్తితే నీ ఉత్తరం. డ్రై ఐస్ చలికి బిరుసెక్కి అట్టముక్కలా ఉంది. మేడమ్ నాకు రెండడుగుల దూరంలో నిలబడి లేబుల్ చదువుతున్నారు. నేను దాన్ని ఏప్రన్ జేబులో తోసేశాను. కరిగి తడిసి ఒంటికి అంటుకుంటుంటే, ఆ తడి ఆవిడకి కనబడుతుందని మధ్యాహ్నం దాకా చెయ్యి అడ్డం పెట్టుకునే తిరిగాను.

తెలిసినవాళ్ళ శాంపిల్ వస్తే వెంటనే చెప్పి తప్పుకోవాలని మా గోడ మీద రాసి ఉంటుంది. నేను చెప్పలేదు. చెబితే జేబులోది చూపించాలి. చూపిస్తే నీ పరువు, నా ఉద్యోగం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ముందుగా చెప్పడం కుదరదు అక్కా. అడగకు. శాంపిల్ ప్లేటు మీద వేశాను, కంట్రోల్ కూడా వేశాను. ఇక అది దాని పని చేసుకుంటుంది.

చివరి వాక్యం ఎందుకు రాశావు? "అన్నీ సరిగ్గానే చేశాను" అని. నేను అనుమానపడలేదుగా.

చెల్లి


కల్చర్ గది బయట

పొట్టీ,

అబ్బబ్బ, నీకన్నీ భూతద్దంలోనే కనబడతాయి, మీ మేడమ్ గాలి సోకింది. ఊరికే రాశానే ఆ మాట. ఉత్తరం పెట్టెలో పెట్టడం తప్పే, ఒప్పుకుంటున్నాను. ఇక పెట్టను.

ఇక్కడంతా బాగుంది. కణాలు భలే పుంజుకున్నాయి. రెండు రోజులకే ఫ్లాస్కు నిండిపోతోంది, నువ్వు చూస్తే ముచ్చటపడతావు. పక్క బల్ల అబ్బాయి కణాలే పాపం సరిగ్గా పెరగడం లేదు. వాడు మీడియం కంపెనీవాళ్ళని తిడుతున్నాడు. మేమంతా ఒకే ఇన్‌క్యుబేటర్ వాడతాం కదా, నా ఫ్లాస్కులు పై అరలోకి మార్చుకున్నాను.

మీ బావ కొత్త కుర్చీ కొన్నారు, అందులో కూర్చుని లేవడం లేదు. పర్మనెంట్ అయితే నాకూ ఒకటి కొంటారట. ఫలితం ఎప్పుడొస్తుందో మామూలు పద్ధతిలో మామూలుగానే తెలుసుకుంటాను, సరేనా?

అక్క


ల్యాబు మెట్ల మీద, మధ్యాహ్నం

అక్కా,

నీ శాంపిల్ ప్లేటులో ఏమీ లేదు. అద్దంలా ఉంది. చూడగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. దేవుడా, అక్క గట్టెక్కింది అనుకున్నాను.

తర్వాత కంట్రోల్ ప్లేటు పెట్టాను. అది కూడా అద్దంలా ఉంది.

నేను నా చేత్తో వేసిన క్రిములక్కా. అదే సీసాలోంచి మిగతా శాంపిళ్ళ కంట్రోళ్ళకీ వేశాను. వాటిల్లో గుబురుగా పెరిగాయి. నీదాంట్లో ఒక్కటి లేదు. లెన్సు మార్చి చూశాను, బల్ల మార్చి చూశాను, కళ్ళు కడుక్కుని వచ్చి చూశాను.

మేడమ్ సెలవులో ఉన్నారు, సోమవారం వస్తారు. ఈ ప్లేటు చూసింది నేనొక్కదాన్నే. ఆవిడ వచ్చీ రాగానే అడిగే మొదటి మాట "కంట్రోల్ పెరిగిందా?" అని. నేనేం చెప్పాలి?

ఇది మనిద్దరి మధ్యే అడుగుతున్నాను. శాంపిల్ పంపేముందు మందు వేశావా? మందకొడిగా ఉన్న కణాలు ఒక్కసారిగా పుంజుకున్నాయని రాశావు. అవి వాటంతటవే పుంజుకోవు. నువ్వే నాకు చెప్పావు.

ఈ ఉత్తరం ఇవాళే చేరేలా పంపుతున్నాను. ఒక్క ముక్క రాయి. వెయ్యలేదని రాసినా నమ్ముతాను.

చెల్లి


ఇంట్లో, వంటగది బల్ల

పొట్టీ,

నువ్వు నన్ను నిలదీసేదానివయ్యావన్నమాట. సంతోషం.

నీకేం తెలుసే? ఆ కణాలు చేతికొచ్చినప్పుడు ఫ్లాస్కుకి గుప్పెడు కూడా బతికేవి కావు. పండగనక పబ్బమనక వచ్చి మీడియం మార్చాను. మీ బావ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మధ్యలో పరిగెత్తి వచ్చి వాటికి తిండి పెట్టి వెళ్ళాను. ఇన్నేళ్ళు పెంచిన వాటిని కంటికి కనబడని పురుగు కోసం పారబొయ్యమంటావా? కాంట్రాక్టు అయిపోయాక నాకెవరు తిండి పెడతారు? నీ ఫీజు కట్టింది ఈ కాంట్రాక్టు డబ్బుల్తోనే. అనకూడదనుకున్నాను, అనేశాను.

సరే, విను. కంట్రోల్ వెయ్యడం మర్చిపోయానని చెప్పు. కొత్తదానివి, నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. ఇలాంటివి ప్రతి ల్యాబులోనూ జరుగుతాయి. తిరిగి శాంపిల్ అడుగుతారు, ఈలోపు నేను ఏదో ఒకటి చేసుకుంటాను. నీకు పోయేదేం లేదు, నాకు పోయేది మాత్రం అంతా.

నువ్వడిగిన దానికి జవాబు నీకు తెలుసు. నాతో రాయించకు.

అక్క


హాస్టల్ గది

అక్కా,

చెప్పేశాను.

సోమవారం దాకా రిహార్సల్ చేసుకున్నాను, "మర్చిపోయానండీ, కంట్రోల్ వెయ్యలేదండీ" అని. అద్దం ముందు కూడా అన్నాను. మేడమ్ వచ్చి సంచి కూడా కింద పెట్టకుండా "కంట్రోల్ పెరిగిందా?" అన్నారు. "లేదండీ" అన్నాను. "వేశావా?" అన్నారు. వేశాననేశాను. నోరు దానంతటదే అంది. ఆ తర్వాత ఆగలేదు. అది మా అక్క శాంపిల్ అని కూడా చెప్పాను.

ఆవిడ ప్లేటు చూశారు. "అక్క అని ఎప్పుడు తెలిసింది?" అన్నారు. పెట్టె తెరిచినప్పుడే అన్నాను. నీ ఉత్తరం సంగతి చెప్పలేదు, అది మాత్రం చెప్పలేదు.

నాకేం కాలేదు, పని మామూలుగానే సాగుతోంది. చేతులే కాస్త పగిలాయి, చలికేమో. మీ ల్యాబుకి రిపోర్టు వస్తుంది: శాంపిల్లో మందు ఉంది, పరీక్ష చెల్లదు, మందు లేకుండా పెంచి తిరిగి పంపండి, అని.

ఫీజు మాట అన్నావు. అది నిజం. అందుకే మూడు రాత్రులు నిద్ర లేదు. నువ్వు కట్టిన ఫీజుతో నేర్చుకున్నదే ఇవాళ నీకు అడ్డం వచ్చిందక్కా. నన్ను తిట్టు, కానీ రాయి.

చెల్లి


హాస్టల్ గది

అక్కా,

నీ జవాబు లేకుండా ఇది నా రెండో ఉత్తరం. బావకి ఫోన్ చేస్తే "మీ అక్క ల్యాబులోనే ఉంటోందమ్మా, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటోంది" అన్నారు. ఫోన్ నీకివ్వమంటే, నువ్వు వద్దని చెయ్యి ఊపావట. ఆ ఊపడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కోపమైతే కోపమే రాయి. తెల్ల కాయితం పంపినా సరే. పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడుతున్నాను, వాచ్‌మన్ నాకేదో ప్రేమ వ్యవహారం ఉందనుకుంటున్నాడు.

చెల్లి


కల్చర్ గది బయట, కుంటి స్టూలు మీద నుంచి, బహుశా ఆఖరిసారి

పొట్టీ,

సీసాలు కడుగుతున్నావట కదే.

మీ మేడమ్ మా పెద్దాయనకి రిపోర్టుతో పాటు ఒక కాయితం పంపారు. "మా కొత్త పరీక్షకురాలు చెప్పాల్సిన విషయాన్ని ఆలస్యంగా వెల్లడించినందున ఆమెను పరీక్ష బల్ల నుంచి తప్పించి, సామాను శుభ్రపరిచే గదికి మార్చాం. ఫలితం మాత్రం సరైనదే" అని. చలికి చేతులు పగిలాయన్నావు! ఆ కడిగే మందుకి చేతులెలా అవుతాయో నాకు తెలియదా? నా మొదటి ఉద్యోగం అదేగా.

ఆ కాయితం చదివి పెద్దాయన మొహం వెలిగిపోయింది. "భలే దొరికింది. వాళ్ళ అమ్మాయినే వాళ్ళు తప్పించారంటే పనిలో ఏదో లోపముండే ఉంటుంది. కొత్త పిల్ల కంట్రోల్ వెయ్యడం మర్చిపోయిందని మనం ఫిర్యాదు రాద్దాం, ఇంకో ల్యాబుకి పంపుదాం" అన్నారు. పొట్టీ, అది నా మాటే. ఆ రోజు వంటగది బల్ల మీద నేను నీకు నేర్పిన అబద్ధమే, అక్షరం తేడా లేదు. నేను రాసినప్పుడు అది ఉపాయంలా ఉంది. ఆయన నోట వినేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఫిర్యాదు వెళ్ళాక నిన్ను ఏ ల్యాబులోనైనా గడప తొక్కనిస్తారా? నాకు పోయేదే అంతా అన్నాను, నీకు పోయేదేం లేదన్నాను. ఎంత మాటన్నానే.

"ఆ కొత్త పిల్ల నా చెల్లెలు. కంట్రోల్ వేసింది. మందు వేసింది నేను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, కాంట్రాక్టు అయిపోయేదాకా వచ్చి వెళ్ళమన్నారు. కోప్పడితే బాగుండేది.

పక్క బల్ల అబ్బాయికి కూడా చెప్పాను. వాడి కణాలకి అంటించింది నావే. నాకు అనుమానం వచ్చిన రోజే చెప్పి ఉంటే వాడికి ఇన్ని నెలలు పోయేవి కాదు. పై అరలోకి మార్చుకున్నానని నీకెంత గొప్పగా రాశానో! వాడు ఏడవలేదు, తిట్టలేదు. "ముందే చెప్పి ఉంటే నేను కూడా మందు వేసేవాణ్ణి మేడమ్" అన్నాడు. అది విని ఇంకా భయమేసింది.

ఇన్నాళ్ళూ రాయనిది ఇందుకే: ఒక్క ఫ్లాస్కు మాత్రం మందు మానేసి పెంచాను. మళ్ళీ మందగించాయి, నేను చూస్తూ ఊరుకున్నాను. నిన్న దాన్ని మీ ల్యాబుకి పంపాను. చెవి మడత లేదు, ఉత్తరం లేదు. మీ మేడమ్‌కి మాత్రం విడిగా రాశాను: మందు వేసింది నేను, పెట్టెలో ఉత్తరం పెట్టింది నేను, అది దాచడం తప్పితే పిల్ల తప్పేమీ లేదు, అని. ఆవిడ నమ్ముతారో లేదో తెలియదు.

తక్కిన ఫ్లాస్కులన్నీ సింకు పక్కన వరసగా పెట్టుకుని బ్లీచింగ్ పోశాను. ఆ గులాబీ రంగు ఊదాకి తిరిగి, తర్వాత తెల్లబడిపోతుంది. నీకు తెలుసుగా. అన్నీ తెల్లబడేదాకా నిలబడ్డాను. బాగా ఏడ్చాను. గ్లౌజులతో కళ్ళు తుడుచుకోకూడదు కాబట్టి అలాగే కారనిచ్చాను.

ఆ ఒక్క ఫ్లాస్కులో ఏం పెరుగుతుందో నాకు తెలుసు. అయినా ఫలితం వచ్చిన రోజు ఉత్తరం రాయకు. ఫోన్ చెయ్యి. నేను అడ్డం రాను.

అక్క


పరీక్ష బల్ల దగ్గర నుంచి

అక్కా,

ఫోన్ చెయ్యమన్నావు, చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. బావకి చేస్తే, "మీ అక్క నీకే చేస్తోందమ్మా, ఎంగేజ్ వస్తోందని ఫోన్‌ని తిడుతోంది" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నీకు చేరేలోపు ఎలాగూ మాట్లాడేసుకుని ఉంటాం.

నువ్వు మేడమ్‌కి రాసిన ఉత్తరాన్ని ఆవిడ చదివి ఫైల్లో పెట్టుకున్నారు. ఇవాళ పొద్దున కడిగే గదికి వచ్చి, "చేతులు తుడుచుకుని రా" అన్నారు. నీ ప్లేట్లు ఆవిడే స్వయంగా వేశారట. రెండూ బల్ల మీద పెట్టి, "నువ్వు చదవకూడదు, పక్కన నిలబడి చూడు" అన్నారు.

కంట్రోల్ ప్లేటు నిండా గుడ్లు పగలగొట్టినట్టే పెరిగాయి. నీ ప్లేటులోనూ అంతే.

"పరీక్ష సరిగ్గా జరిగింది" అన్నారు మేడమ్. రిజిస్టర్ మూసి, బల్ల కింద నుంచి నా పాత స్టూలు కాలితో ముందుకు తోశారు.

దాని మీదే కూర్చుని రాస్తున్నాను. సంతోషంగా ఉండాలో ఏడవాలో తెలియడం లేదు. నీ కాంట్రాక్టు అయిపోయాక ఏం చేద్దాం, ఎక్కడికెళ్దాం, అన్నీ ఫోన్లో చెప్పుకుందాం. నువ్వొక పావుగంట ఫోన్ ముట్టుకోకుండా కూర్చో, నేను చేస్తాను.

కూర్చోవు, నాకు తెలుసు.

చెల్లి